తుపాకిపై నగిషీ చెక్కించడం: బొమ్మ గీయకముందే బయానా అడగడం సబబేనా?

మూడోతరం
మా తాతగారు కొని, నాన్నగారు వాడి, ఇప్పుడు చట్టప్రకారం నా లైసెన్సులోకి మారిన జంట గొట్టాల షాట్‌గన్ ఒకటి నా దగ్గర ఉంది. గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటినుంచీ దాని యాక్షన్ (గొట్టాలు వచ్చి కూర్చొని తాళం పడే ఉక్కు భాగం) మీద సన్నని అంచు గీత తప్ప మరే అలంకారమూ లేదు. రెండు పక్కలా పక్షుల బొమ్మలు, వాటి చుట్టూ తీగల అల్లిక, ట్రిగ్గర్ గార్డు మీద నాన్నగారి పేరులోని పొడి అక్షరాలు చెక్కించాలని ఒక నగిషీ కళాకారుడిని సంప్రదించాను. ఆయన చెప్పిన షరతులు నాకు మింగుడు పడలేదు. బయానా ఇవ్వనిదే బొమ్మ గీయనన్నారు. తుపాకిని తాను విప్పననీ, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేత విడదీయించి, స్క్రూలు సరిచేయించి, పాలిష్ పట్టించి తెమ్మనీ అన్నారు. యాక్షన్ మీద ఇప్పుడున్న రంగులు పోతాయనీ, వాటిని తిరిగి రప్పించే పని మరొకరిదనీ చెప్పారు. తన వంతు రావడానికే ఏడాది దాటుతుందట. ఒక్క వస్తువు కోసం ముగ్గురితో మాట్లాడుకోవలసి రావడం, బొమ్మ చూడకుండానే డబ్బు కట్టవలసి రావడం ఈ రంగంలో మామూలేనా? వస్తువును అప్పగించే ముందు నేను తేల్చుకోవలసినవి ఏమిటి?

ఉలిధార
చెక్కడమే నా వృత్తి. బయానా విషయంలో ఆయన అడిగింది న్యాయమే. బొమ్మ గీయడం పనికి ముందు జరిగే మాటామంతీ కాదు, పనిలో పెద్ద భాగం అదే. యాక్షన్ పక్క భాగం చదునుగా కనిపిస్తుంది గాని, అంచుల దగ్గర వంపు తిరుగుతుంది, మధ్యలో పిన్నులు, స్క్రూలు వస్తాయి, అడుగు భాగం ఇంకో ఆకారంలో ఉంటుంది. వీటన్నిటి కొలతలు తీసుకొని, ప్రతి తీగ ఎక్కడ పుట్టి, ఎటు చుట్టుకొని, ఎక్కడ ముగియాలో నిర్ణయించాలి. తీగకు ఆధారమైన వెన్నుగీత చక్కని వలయంగా రాకపోతే దాని మీద ఆకులు ఎంత శ్రద్ధగా చెక్కినా కంటికి ఇంపుగా ఉండదు. ఇంత శ్రమ పడి గీసిన బొమ్మను ఉచితంగా తీసుకొని, తక్కువకు చెక్కే మరొకరికి ఇచ్చేవారు ఉన్నారు కాబట్టే చాలామంది కళాకారులు ముందుగా డబ్బు అడుగుతారు. బొమ్మకు వేరుగా రుసుము తీసుకొని, పని ఒప్పుకొన్నాక దాన్ని మొత్తంలో తగ్గించుకొనే పద్ధతి ఒకటుంది. అది ఇరువైపులా మేలైనది. మీరు దాన్ని అడిగి చూడండి.

ఇక రంగుల సంగతి. నీలం, గోధుమ, బూడిద వన్నెలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఉంటే అది కేస్ హార్డెనింగ్. ఎముక బొగ్గు, కట్టె బొగ్గు నింపిన పెట్టెలో ఉక్కు భాగాన్ని ఉంచి, 700 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాచి, నీళ్లలో ముంచుతారు. అప్పుడు పైపొర కార్బన్‌ను పీల్చుకొని బాగా గట్టిపడుతుంది, లోపలి లోహం మాత్రం మెత్తగానే ఉంటుంది. దాని మీద ఆకురాయి పెడితే పట్టకుండా జారిపోతుంది, ఉలి పెడితే మొన విరుగుతుంది. అందుకని గాలి తగలకుండా కాచి, నెమ్మదిగా చల్లార్చి, లోహాన్ని మెత్తబరిచాకే చెక్కడం సాధ్యమవుతుంది. మెత్తబరిస్తే రంగులు ఉండవు. ఆయన మీ దగ్గర ఏదీ దాచలేదు.

పాతఇనుము
బయానా కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అసలు ఆ తుపాకిని చెక్కించవచ్చా? పాత తుపాకుల సేకరణలో మొదటి పూత, మొదటి రంగులు, మొదటి గుర్తులు చెక్కు చెదరకుండా ఉండటమే విలువ. వాటిని గీసివేసి ఎంత గొప్ప నగిషీ చేయించినా సేకర్తల దృష్టిలో అది తరువాతి కాలపు మార్పుగానే నిలుస్తుంది. ఫ్యాక్టరీలోనే నగిషీతో బయటికి వచ్చిన పాత తుపాకికి ఎక్కువ గౌరవం దక్కడానికి ఆధారం రికార్డులే. కోల్ట్ సంస్థ తన పాత రికార్డుల నుంచి, తుపాకి ఏ రూపంలో బయటికి వెళ్లిందో తెలిపే ఆర్కైవ్ లేఖలు ఇస్తుంది. వించెస్టర్ రైఫిళ్ల పాత రికార్డుల లేఖలు అమెరికాలోని కోడీ పట్టణపు ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం నుంచి వస్తాయి. ఏ సంస్థ తుపాకి అయినా ఇటువంటి రికార్డు ఉందేమో చూడకుండా ఉలి పెట్టించకండి.

మూడోతరం
పాతఇనుము గారూ, అది అరుదైన తుపాకి కాదు. యాక్షన్ మీద రంగులు చేతులు తగిలే చోట చాలావరకు అరిగిపోయాయి. అమ్మే ఉద్దేశం మాకు లేదు. అది మా ఇంట్లోనే ఉండాలి, చూసినప్పుడల్లా నాన్నగారు గుర్తుకు రావాలి, అంతే.

పాతఇనుము
అలాగైతే నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. మార్కెట్టు లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. అయినా విప్పే ముందు అన్ని వైపులనుంచీ, ముఖ్యంగా గుర్తులున్న చోట్ల, స్పష్టమైన ఫొటోలు తీసి పెట్టుకోండి.

గురిపటం
గుర్తుల మాట వచ్చింది కనుక చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. తుపాకిని చెక్కేవారి దగ్గర వదిలిపెట్టి రావడమంటే చాలా దేశాల చట్టం దృష్టిలో దాన్ని మరొకరి స్వాధీనానికి ఇవ్వడమే. అమెరికాలో తుపాకులపై నగిషీ చెక్కడాన్ని వృత్తిగా చేసేవారికి, బాగుచేసేవారికి లాగానే, ఫెడరల్ లైసెన్సు అవసరం. మీరున్న చోట నియమం ఏమిటో లైసెన్సు ఇచ్చిన అధికారుల నుంచి తెలుసుకొని, కళాకారుడి అనుమతి పత్రం కూడా చూసి, అప్పగింతకు రసీదు రాయించుకోండి.

వరుస సంఖ్యను, తయారీదారు గుర్తును, పేలుడు పరీక్ష నెగ్గినట్టు వేసిన ప్రూఫ్ ముద్రలను చెరపడం గాని, వాటి మీదుగా తీగలు పోనివ్వడం గాని కూడదు. ఉలి కన్నా పాలిష్ వల్లనే ఈ గుర్తులకు ఎక్కువ ముప్పు. అమెరికాలో 2002 జనవరి 30 నుంచి తయారయ్యే తుపాకులకు వరుస సంఖ్య లోతు కనీసం 0.003 అంగుళం, అక్షరం ఎత్తు కనీసం అంగుళంలో 16వ వంతు ఉండాలన్నది నిబంధన. 0.003 అంగుళం అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కూడా తక్కువ. పాలిష్ చేసేవారి చేయి కొంచెం బరువుగా పడినా అంత పలుచని లోతు మాయమైపోగలదు. గుర్తులున్న చోటును ముట్టుకోవద్దని కాగితం మీద రాసి ఇవ్వాలి.

తీగెలల్లిక
బొమ్మ ఎలా ఉండాలో మీ మనసులో స్పష్టత ఉందా, మూడోతరం గారూ? పక్షులు, తీగలు అన్నారు. అందులోనే ఎన్నో దారులున్నాయి. లండన్ తుపాకుల మీద కనిపించే చిన్న చిన్న వలయాల తీగలు, మధ్యమధ్య గులాబీ గుత్తులు ఒక సంప్రదాయం. పర్డీ సంస్థ తుపాకులకు ఆ అలంకారమే గుర్తింపుగా మారింది. దూరం నుంచి చూస్తే అది లోహం మీద మెత్తని నీడలాగే కనిపిస్తుంది, దగ్గరికి తెచ్చుకుంటేనే ఆకులు విడివిడిగా తెలుస్తాయి. జర్మనీలోని సూల్, ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్ పట్టణాల పనిలో నేపథ్యాన్ని లోతుగా తొలిచి, ఓక్ ఆకులను, జింకలను, అడవి పందులను ఉబ్బెత్తుగా నిలబెట్టడం ఎక్కువ. అమెరికాలో 19వ శతాబ్దంలో గుస్టావ్ యంగ్, ఎల్.డి. నిమ్ష్కీ వంటి జర్మన్ మూలాల కళాకారులు పెంచిన శైలిలో తీగలు పెద్దవి, వెడల్పైనవి, ఉత్సాహంగా పరుగు తీసేవి. ఇటలీలోని గార్దోనే వాల్ త్రోంపియా ప్రాంతంలో బులీనో అనే పద్ధతి శిఖరానికి చేరింది. సుత్తి వాడకుండా, చేతి ఒత్తిడితోనే వేల కొద్దీ సూక్ష్మమైన చుక్కలు, గీతలు పెట్టి ఫొటోను పోలిన వెలుగునీడలు తెస్తారు. బులీనో కళాకారుడు ఫిర్మో ఫ్రకాసీ చెక్కిన జంతువుల బొచ్చును, పక్షుల ఈకలను భూతద్దంలో చూసినవారికి అది ఉక్కు అన్న సంగతే నమ్మబుద్ధి కాదు.

పక్షుల మీద అంత ప్రేమ ఉంటే మీకు బులీనో సరిపోతుందని నా అభిప్రాయం.

ఉలిధార
తీగెలల్లిక గారి వర్ణన బాగుంది గాని, ఈ తుపాకికి బులీనో సూచించడంతో నేను ఏకీభవించను. ఆ గీతలు చాలా పైపైన ఉంటాయి. వాడకంలో ఉన్న తుపాకి మీద, చేయి పట్టే చోట, అవి త్వరగా అరుగుతాయి. దాని మీద మళ్లీ కేస్ హార్డెనింగ్ రంగులు తెప్పిస్తే ఆ సూక్ష్మమైన వెలుగునీడలన్నీ రంగుల గజిబిజిలో కనబడకుండా పోతాయి. అందుకే బులీనో పనిని వెండి రంగులో, నాణెం లాంటి లేత బూడిద పూతతో వదిలేస్తారు. మూడోతరం గారికి పాత రంగులు తిరిగి కావాలంటే కాస్త లోతున్న లండన్ తరహా తీగలే సరైనవి. వెండి రంగు చాలనుకుంటే పక్షుల మాట ఆలోచించవచ్చు. బొమ్మ ఎంపిక, పూత ఎంపిక రెండు వేర్వేరు ప్రశ్నలు కావు.

తీగెలల్లిక
పూత గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అరుగుదల గురించి మాత్రం కాదు. ఇంట్లో భద్రంగా ఉంచి, అప్పుడప్పుడు బయటికి తీసే తుపాకి మీద బులీనో తరాలపాటు నిలుస్తుంది. పక్షి బొమ్మను యాక్షన్ పక్క భాగం మధ్యలో ఉంచి, మోసుకెళ్లేటప్పుడు వేళ్లు తగిలే అడుగు భాగంలో లోతైన తీగలు పెడితే ఇబ్బందే ఉండదు. రెండు పద్ధతులు కలిసిన పని ఎంతో ఉంది.

వేగరేఖ
ఇంత తతంగం ఎందుకన్నది నా సందేహం. ఇప్పుడు ఫైబర్ లేజర్లు ఎంత సన్నని బొమ్మనైనా లోహం మీద దించుతున్నాయి. మెత్తబరిచే పని లేదు, గట్టి ఉక్కు మీద కూడా లేజరు పని చేస్తుంది. ఏడాది నిరీక్షణా లేదు. పెద్ద తయారీ సంస్థలే లేజరు వాడుతున్నప్పుడు మనకు చిన్నతనం ఏముంది?

ఉలిధార
చిన్నతనం ప్రశ్న కాదు, వెలుగు ప్రశ్న. ఉలి లోహాన్ని కోసినప్పుడు ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో గాడి పడుతుంది, దాని రెండు గోడలూ అద్దంలా నునుపుగా ఉంటాయి. తుపాకిని తిప్పుతున్న కొద్దీ ఆ గోడల మీద వెలుగు కదులుతుంది. ఉలిని పక్కకు వాల్చితే గాడి ఒకవైపు వెడల్పై, ఆకు అంచు ఉబ్బినట్టు కనిపిస్తుంది. లేజరు లోహాన్ని కోయదు, కరిగించి ఆవిరి చేస్తుంది. గాడి అడుగు గరుకుగా మిగులుతుంది, అందులో వెలుగు మెరవదు. లేజరుతో బొమ్మను దించి, తరువాత మనిషి చేతితో ఉలి పెట్టి పూర్తి చేసే సంస్థలు ఉన్నాయి, ఆ పనిలో తప్పేమీ లేదు. దాన్ని చేతిపనిగా చెప్పి అమ్మడమే తప్పు. మీరు డబ్బు దేనికి ఇస్తున్నారో ఒప్పందంలో మాటగా ఉండాలి.

పాతఇనుము
యంత్రంతో నగిషీ కొత్త సంగతి కూడా కాదు. 19వ శతాబ్దపు కోల్ట్ రివాల్వర్ల సిలిండర్ల మీద ఉన్న నౌకా యుద్ధం, బండి దోపిడీ దృశ్యాలు ఒక్కొక్కటీ చేతితో చెక్కినవి కావు. వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ అనే బ్యాంకు నోట్ల నగిషీకారుడు ఉక్కు అచ్చు మీద చెక్కితే, దాన్ని ఒత్తిడితో సిలిండరు మీద దొర్లించి దృశ్యాన్ని దించేవారు. వాటిని ఇప్పుడు అందరూ ఎంతో ఇష్టంగా సేకరిస్తారు. కాబట్టి వేగరేఖ గారి ప్రశ్నను తోసిపుచ్చలేం. అయితే ఒకే ఒక్క తుపాకి మీద, ఒక మనిషి జ్ఞాపకం కోసం చేయించే పనికి చేతి ఉలే తగినదని నేనూ అంటాను.

వేగరేఖ
వీ ఆకారపు గాడి గురించి నాకు ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. లేజరు పనిని, చేతి పనిని పక్కపక్కన పెట్టి ఒక దీపం కింద తిప్పి చూస్తాను.

మరచుట్టు
గన్‌స్మిత్ పని ఎందుకు వేరన్నది మూడోతరం గారి అసలు ఫిర్యాదు కదా, దానికి నేను జవాబు చెబుతాను. నేను చెక్కను, చెక్కేవారికి తుపాకులు సిద్ధం చేసి ఇస్తాను. జంట గొట్టాల తుపాకి లోపల బలమైన స్ప్రింగులు ఉంటాయి. వాటిని సరైన పనిముట్లతో బిగించి తీయకపోతే భాగాలు విరుగుతాయి, మనిషికీ దెబ్బ తగులుతుంది. మేలైన తుపాకుల స్క్రూల గాళ్లన్నీ గొట్టం దిశలోనే నిలిచి ఉండటం మీరు గమనించే ఉంటారు. ఆ స్క్రూను బిగించినప్పుడు గాడి సరిగ్గా ఆ దిశలో ఆగాలి, తల చుట్టుపక్కల లోహంతో సమంగా ఉండాలి. ఆ తరువాతే నగిషీ స్క్రూ తల మీదుగా తెగకుండా సాగుతుంది. పాత స్క్రూల గాళ్లు సరిపడని స్క్రూడ్రైవర్ల వల్ల చెదిరి ఉంటే, తలలు కాస్త ఎత్తుగా ఉంచి కొత్తవి చేసి, దిశ కుదిర్చి, ఆకురాయితో సమం చేయాలి. ఇదంతా చెక్కడానికి ముందు జరగాలి. తరువాత స్క్రూ మారిస్తే తీగ మధ్యలో తెగిపోతుంది.

పాలిష్ మాటకొస్తే, తిరిగే బట్ట చక్రం మీద పెట్టి మెరిపించడం పాలిష్ కాదు. అది అంచులను గుండ్రం చేస్తుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు చేస్తుంది. చదునైన దిమ్మకు గరుకు కాగితం చుట్టి, ముతక నుంచి సన్నానికి క్రమంగా, అంచుల పదును పోకుండా చేతితో రాయాలి. నగిషీ పూర్తయ్యాక మళ్లీ పాలిష్ పట్టడానికి వీలుండదు, ఎందుకంటే సన్నని నీడ గీతలు మొదట పోయేది అప్పుడే.

లోహపు రకం కూడా ముందే చెప్పండి. పాత షాట్‌గన్ మెత్తని ఉక్కు కావచ్చు. కొత్త పిస్తోళ్లలో వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు ఉలి తగిలినకొద్దీ గట్టిపడే స్వభావం కలది, దానికి కార్బైడ్ మొనలు కావాలి, సమయమూ ఎక్కువ పడుతుంది.

సూక్ష్మదృష్టి
మరచుట్టు గారు చెప్పినదానికి ఒక చేర్పు. చెక్కే బల్ల దగ్గర జరిగేది చూసే అవకాశం నాకు కలిగింది. లోహం మీద పలుచని తెల్లరంగు పూసి, దాని మీద బొమ్మను పెన్సిలుతో గీయడం గాని, కాగితం మీది బొమ్మను దించడం గాని చేశారు. తరువాత సూదితో గీసి, అన్ని దిక్కులకూ తిరిగే బరువైన గుండ్రని వైసులో బిగించి, సూక్ష్మదర్శినిలో చూస్తూ గాలి ఒత్తిడితో కొట్టుకొనే చేతి పనిముట్టుతో ప్రధాన గీతలు కోశారు. ఉలి చేతిలో దాదాపు స్థిరంగా ఉంటుంది, వంపు దగ్గర వైసే తిరుగుతుంది. ఆ తరువాత నేపథ్యంలో లోహాన్ని తొలగించి, చుక్కలు పెట్టి నల్లబరిచారు. నీడ గీతలు అన్నిటికన్నా చివర. కొన్ని సంప్రదాయాల వారు ఇప్పటికీ చిన్న సుత్తి, ఉలి మాత్రమే వాడతారు. రెండింటిలో ఏది గొప్పదన్న వాదన నాకు అనవసరంగా తోస్తుంది. గాలి పనిముట్టు చేతికి శ్రమ తగ్గిస్తుందే గాని, గీత ఎటు పోవాలో నిర్ణయించదు.

మూడోతరం
ఇప్పుడు ఆయన షరతులకు కారణం అర్థమవుతోంది. ఇంకో ప్రశ్న. పక్షులను బంగారంతో చేయించాలని మా ఇంట్లో కోరిక. అది అతికిస్తారా, పూత పూస్తారా? తరువాత కాచినప్పుడు కరిగిపోదా?

పసిడితీగ
అతికించడమూ కాదు, పూయడమూ కాదు, పొదుగుతారు. బొమ్మ ఆకారం మేరకు ఉక్కును తొలిచి, గుంట గోడలను లోపలివైపు వాలేలా కోస్తారు, అంటే నోటి దగ్గర ఇరుకు, అడుగున వెడల్పు. అడుగున ఉలితో చిన్న చిన్న ముళ్లు లేపుతారు. అందులో 24 కారెట్ల మెత్తని బంగారు తీగనో రేకునో పెట్టి కొట్టుకుంటూ పోతే, బంగారం ముళ్ల మధ్యకు, వాలు గోడల కిందికి పాకి బిగుసుకుంటుంది. జిగురు, టంకం ఏవీ ఉండవు. లోహంతో సమంగా రాస్తే చదును పొదుగు, ఎక్కువ బంగారం పెట్టి పక్షి ఆకారాన్ని దాని మీదే చెక్కితే ఉబ్బెత్తు పొదుగు. రెండోదానికి బంగారమూ, శ్రమా చాలా ఎక్కువ. మన ఉపఖండపు కోఫ్తగిరి పద్ధతి దీనికి భిన్నమైనది. అందులో ఉక్కు మీద అడ్డదిడ్డంగా దగ్గర దగ్గర గీతలు కోసి గరుకు చేసి, సన్నని తీగను ఒత్తి మెరుగు పెడతారు. అందంలో దానికి సాటి లేదు గాని, బంగారం పలుచగా ఉంటుంది, తుపాకి యాక్షన్ మీద ఒరిపిడికి త్వరగా లేచిపోతుంది.

బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కనుక కేస్ హార్డెనింగ్ వేడికి కరగదు. మేలిమి బంగారమే ఎందుకంటే, అది మెత్తగా పాకుతుంది, ఉక్కుకు నీలినలుపు పూత తెచ్చే బ్లూయింగ్ ద్రావణాలకు రంగు మారదు. రాగి కలిసిన తక్కువ కారెట్ల బంగారానికి ఆ హామీ లేదు. ఏమైనా పొదుగు ముందా, గట్టిపరచడం ముందా అన్నది చెక్కేవారు, కాచేవారు ఇద్దరూ మాట్లాడుకొని తేల్చవలసిన సంగతి.

మరచుట్టు
పసిడితీగ గారు బ్లూయింగ్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. జంట గొట్టాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచేది చాలా తుపాకుల్లో మెత్తని టంకమే. వేడి కాస్టిక్ ఉప్పు ద్రావణంలో ముంచే బ్లూయింగ్ ఆ టంకాన్ని తినేస్తుంది, గొట్టాల మధ్య పట్టీ ఊడుతుంది. అటువంటి గొట్టాలకు నెమ్మదిగా తుప్పు పట్టించి, మరిగించి, గీరి తెచ్చే రస్ట్ బ్లూయింగే చేయించాలి. గొట్టాలను ఎవరికిచ్చినా ఈ ప్రశ్న అడగండి.

నెమలికన్ను
ఒక రివాల్వరు చెక్కించిన అనుభవంతో చెబుతున్నాను. నా విషయంలో అసలు చిక్కు ఎంత మేర చెక్కాలన్న దగ్గర వచ్చింది. నేను సగం అన్నప్పుడు కళాకారుడి మనసులో ఉన్న సగం వేరు. కోల్ట్ సంస్థ కస్టమ్ విభాగంలో ఏ అంటే పావు వంతు, బీ అంటే సగం, సీ అంటే ముప్పావు, డీ అంటే పూర్తిగా అని వాడుక ఉంది. ఆ అక్షరాలను ఈ రంగంలో చాలామంది వాడతారు. అయితే వంతు అన్నది తీగల సాంద్రతను చెప్పదు. పెద్ద తీగలతో సగం నింపడం, చిన్న తీగలతో సగం నింపడం ఒక్కటి కాదు. శ్రమలో చాలా తేడా వస్తుంది. ఆ అనుమానం తీరేదాకా, తుపాకి ఆకారపు గీతచిత్రం మీద చెక్కే చోట్లను రంగు వేసి చూపించమని అడిగాను. అప్పటినుంచి మా మధ్య మాట తేడా రాలేదు.

పని మొదలయ్యాక బొమ్మ మార్చమని ఆ కళాకారుడి మీద ఇంకొకరు చేసిన ఒత్తిడిని కూడా చూశాను. కోసిన లోహాన్ని తిరిగి నింపలేం. బొమ్మ మీద సంతకం పెట్టేదాకా ఎన్ని మార్పులైనా అడగవచ్చు, ఆ తరువాత ఒక్కటీ అడగకూడదు.

తీగెలల్లిక
నేను దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాను. సంతకానికి ముందు కూడా అతిగా అడగకూడదు. కళాకారుడి పాత పని చూసి, ఆ చేతిని ఇష్టపడి వెళ్లాలి. ఒకరి దగ్గరికి వెళ్లి మరొకరి శైలిలో చెక్కమంటే ఇద్దరి అందమూ రాదు.

నెమలికన్ను
శైలి విషయంలో అవును. విషయం విషయంలో కాదు. ఏ పక్షి, ఏ భంగిమ, రెక్కలు ఎంత తెరుచుకోవాలి అన్నవి చేయించుకొనేవారు చెప్పవలసినవే. ఆ పక్షి ఫొటోలు నాలుగు వైపులనుంచి తీసి ఇవ్వాలి. లేకపోతే కౌజు పిట్ట అడిగితే కంజు పిట్ట వస్తుంది.

గురిపటం
అప్పగించే ముందు ఏం తేల్చుకోవాలని మొదట అడిగారు కనుక, ఒప్పందం గురించి నా మాట. చెక్కే చోట్లు, శైలి, బంగారం బరువు, చేతిపనా కాదా, ఎవరు ఏ భాగం పని చేస్తారు, డబ్బు ఏ దశలో ఎంత, పని మొదలుకాకముందే విరమిస్తే బయానా ఏమవుతుంది, వస్తువు వారి దగ్గర ఉన్నప్పుడు పోయినా పాడైనా బీమా ఎవరిది అన్నవన్నీ ఉండాలి. గడువు విషయంలో పట్టు పట్టకండి, కాని పని ఎంతవరకు వచ్చిందో ఫొటోలు పంపే ఏర్పాటు అడగండి. కాచి గట్టిపరిచేటప్పుడు భాగం వంకర పోతే బాధ్యత ఎవరిదన్నది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ దాటవేసేది కూడా అదే.

ఉలిధార
గురిపటం గారి చివరి మాట దగ్గర ఆగాలి. మెత్తబరిచిన యాక్షన్‌ను తిరిగి గట్టిపరచకుండా, వెండి రంగు బాగుందని అలాగే వదిలేసే పనులు నా దృష్టికి వచ్చాయి. గొట్టాలు వచ్చి కూర్చొనే ముఖం, అవి తిరిగే కీలు, తాళం పడే చోటు మెత్తగా ఉంటే వాడకంలో అరిగి, తుపాకి వదులవుతుంది. అది భద్రత సమస్య. రంగులు కావాలన్నా వద్దన్నా యాక్షన్‌ను తిరిగి గట్టిపరచవలసిందే. వెండి రంగు కావాలంటే గట్టిపరిచిన తరువాత రంగులను మాత్రం తీసివేస్తారు. వంకర పోకుండా ఉండటానికి, కాచేటప్పుడు యాక్షన్ సందుల్లో దానికి అచ్చంగా సరిపోయే దిమ్మలు బిగిస్తారు. మీ దగ్గర కాచేవారు ఆ దిమ్మలు వాడతారా అని అడగండి. ఆ ప్రశ్న అర్థం కాని మనిషికి యాక్షన్ ఇవ్వకండి. పని పూర్తయ్యాక గన్‌స్మిత్ తిరిగి బిగించి, పరీక్షించేదాకా కాల్చకండి.

మూడోతరం
ట్రిగ్గర్ గార్డు మీద అక్షరాల గురించి ఎవరూ ఏమీ అనలేదు. తెలుగులోనే ఉండాలన్నది నా కోరిక.

పసిడితీగ
ట్రిగ్గర్ గార్డు కన్నా మంచి చోటు ఉంది. కొయ్య భాగం అడుగున చిన్న కోడిగుడ్డు ఆకారపు బంగారు లేదా వెండి బిళ్లను పొదిగి, యజమాని పొడి అక్షరాలను దాని మీద చెక్కడం పాత ఆచారం. యాక్షన్ నగిషీకి దానితో సంబంధం ఉండదు. రేపు మీ పిల్లలు తమ అక్షరాలు కావాలంటే బిళ్ల ఒక్కటే మార్చుకోవచ్చు. తెలుగు లిపి చదవలేని కళాకారుడైతే అక్షరాలను అసలు పరిమాణంలో, చేతిరాతలో మంచి పట్టున్నవారి చేత రాయించి ఇవ్వండి. తలకట్టు అక్షరానికి తగిలిందా, విడిగా ఉందా అన్నది ఆయనకు తెలియదు. చాలా కంప్యూటరు అక్షరాల్లో గీత దాదాపు ఒకే మందంలో ఉంటుంది, ఉలి గీతకు మందం, సన్నం రెండూ కావాలి. మన గుండ్రని అక్షరాలు తీగల వలయాల పక్కన ఎంతో చక్కగా ఒదుగుతాయి.

సూక్ష్మదృష్టి
పని చేతికి వచ్చాక ఎలా పరీక్షించాలో కూడా చెప్పుకుందాం. పది రెట్లు పెద్దగా చూపే కంటి భూతద్దం చాలు. తీగ వలయం ఎక్కడా కోణంగా విరగకూడదు. ఆకు కొన దగ్గర గీత సన్నగిల్లి ముగియాలి, తెగినట్టు ఆగకూడదు. నేపథ్యపు లోతు అంతటా ఒకేలా ఉండాలి. ఉలి జారిన గీత ఉంటే అది సాధారణంగా వంపు బయటి అంచున కనబడుతుంది. పక్షుల విషయంలో కన్ను, కాళ్లు చూడండి, తొందరపడిన పని అక్కడే బయటపడుతుంది. బంగారం అంచు వెంట గోటిని నడిపిస్తే ఎక్కడా తట్టకూడదు.

కళాకారులు తీసి పెట్టుకొనే ముద్ర కూడా అడగండి. గీతల్లోకి నల్లని సిరా నింపి, పైన తుడిచి, పలుచని కాగితం మీదకు దించితే చెక్కిన ప్రతి గీతా దాని మీదకు వస్తుంది. నిమ్ష్కీ 1904లో చనిపోయినా, తన పనుల ముద్రలను ఆయన దాచి ఉంచడం వల్లే ఏ తుపాకి ఆయన చేతిదో ఇప్పటికీ పోల్చి చెప్పగలుగుతున్నారు. పూత వేయకముందే ఆ ముద్ర తీయాలి, కనుక ఒప్పందంలోనే రాయించండి.

మూడోతరం
బొమ్మ రుసుము వేరుగా తీసుకోవడానికి కళాకారుడు ఈ రోజే ఒప్పుకున్నారు. దిమ్మల గురించి కాచేవారిని అడిగాను, వాడతారట. పక్షులు బులీనోలోనా, బంగారంలోనా అన్నది ఇంకా తేలలేదు.

ఉలిధార
అది తేలేలోపు గన్‌స్మిత్ చేత విప్పించి, యాక్షన్ కొలతలు, అన్ని వైపుల ఫొటోలు ఆయనకు పంపించండి. రెండు పద్ధతులకూ చోటు ఒకటే కాబట్టి గీత మొదలుపెట్టడానికి అవి చాలు.